నాలుగో ఆటగాడు

మా అన్న గూడ్స్ బండ్లు నడుపుతాడు. మాది తెలుగు నేలకి దూరంగా ఉన్న ఒక రైల్వే ఊరు. నేను ఇక్కడి ఇన్‌స్టిట్యూట్‌లో ఒక లాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇద్దరం నలభై దాటాం, ఇద్దరికీ కాలేజీకి వెళ్ళే పిల్లలున్నారు. అయినా కత్తులు తిప్పే ఒక వీడియో గేమ్ అంటే ఇద్దరికీ పిచ్చి. ఆ పిచ్చికి నేనేం సిగ్గుపడను. నా సిగ్గు వేరే ఉంది. అది చెప్పాలంటే ఆట సంగతి మొదట్నుంచీ చెప్పుకురావాలి. ఆ ఆట ఐదు భాగాలుగా మారుతూ వచ్చింది, దాంతోపాటు నేనూ మారుతూ వచ్చాను. మా అన్న మారలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదటి భాగం మా నిమ్‌పురా రైల్వే క్వార్టర్‌లోకి కంప్యూటర్‌తోపాటే వచ్చింది. ఇప్పటి పిల్లలు చూస్తే నవ్వుతారు. గోడ మీద అతికించిన బొమ్మల్లా మనుషులు, ఎడమ పక్కనుంచి బయల్దేరి కుడి పక్కకి పోవడమే పని. దారి పొడుగునా కోట గుమ్మాలు. ఇద్దరు ఆడొచ్చు, కానీ ఉన్నది ఒకటే కీబోర్డు. పెద్దవాడు కాబట్టి బాణం గుర్తులు వాడికి, ఎడమ వైపు అక్షరాలు నాకు. మోచేతులు తగులుకుని రోజూ యుద్ధమే, తెర మీదకన్నా ఎక్కువ. ఆ ఆటలో నాకు నచ్చింది ఒకటుంది. గుమ్మం కింద ఇద్దరూ నిలబడితే తప్ప తలుపు తెరుచుకోదు. ఒకడు గొప్పగా ఆడి ముందుకు పోయినా రెండోవాడి కోసం ఆగాల్సిందే.

మా నాన్న కూడా డ్రైవరే. ఇంజన్‌లో ఇద్దరుంటారు, డ్రైవరూ అసిస్టెంటూ. సిగ్నల్ కంటపడగానే ఒకరు చెయ్యి చాపి దాని రంగు గట్టిగా చెప్పాలి. రెండో మనిషి తన కళ్ళతో తను చూసి అదే మాట తిరిగి చెప్పాలి. ఒక్కరు చెబితే చాలదు. ఇద్దరూ చూసినట్టు ఇద్దరి నోటా వినపడాలి. అది డ్యూటీ. మా నాన్నకి అది డ్యూటీ దిగాక కూడా వదిలేది కాదు, మలంచా రోడ్డు మీద స్కూటర్ నడుపుతూ అడ్డంగా వచ్చే ఆటోలని కూడా పైకి చదివేవాడు. వెనక కూర్చున్న మా అమ్మ తిరిగి చెప్పేదాకా ఊరుకునేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం మేమిద్దరం అదే గుమ్మం దగ్గర మళ్ళీ మళ్ళీ చచ్చిపోతూ ఒకరినొకరు తిట్టుకుంటున్నాం. మంచం మీంచి చూస్తున్న మా నాన్నకి విసుగొచ్చింది.

"నాలుగు కళ్ళున్నాయి, రెండు నోళ్ళున్నాయి. మరెందుకు సస్తన్నార్రా? ఒకలు కొడతంటే ఇంకొకలు ముందు సూసి సెప్పలేరేటి?"

ఆ రోజునుంచి అది మా ఆట పద్ధతి అయిపోయింది. అన్న "గేటు గ్రీన్!" అనేవాడు. నేను చూసి "గేటు గ్రీన్!" అనేదాన్ని. శత్రువు ఉంటే రెడ్డు, అనుమానంగా ఉంటే ఎల్లో. రెండో మనిషి తిరిగి చెప్పేదాకా మొదటి మనిషి కాలు కదపకూడదు. అలా ఆడి కోట చివరిదాకా పోయాం. ఆ రోజు మేం పెట్టిన కేకలకి పక్క క్వార్టర్ దీదీ ఎవరికో ఏదో అయిందనుకుని పరిగెత్తుకొచ్చింది.

రెండో భాగానికి బొమ్మలకి లోతు వచ్చింది. వీరుడికి మొహం కూడా వచ్చింది గానీ పాపం ఎప్పుడూ కడుపునొప్పితో ఉన్నట్టుండేవాడు. తెర రెండు ముక్కలయింది, పైముక్క అన్నది, కిందిముక్క నాది. వాడికి కనపడేది నాకు కనపడదు. అప్పుడు మా కేకలకి నిజంగా పని పడింది. అన్న అప్పటికే అసిస్టెంటుగా చేరాడు. రెస్టు దొరికినప్పుడు నూనె వాసన కొట్టే షర్టుతోనే వచ్చి కూర్చునేవాడు. ఇంజన్‌లో రోజంతా చెప్పొచ్చిన మాటలే ఇంట్లో మళ్ళీ చెప్పేవాడు. అలసిపోయినట్టు ఎప్పుడూ కనపడలేదు.

మూడో భాగాన్ని లోకమంతా మెచ్చుకుంది. నేను ఇప్పటికీ ఒప్పుకోను. కోట గోడలు తీసేసి నగరం మొత్తం తెరిచి పెట్టారు, మేడలెక్కు, గుర్రమెక్కు, ఎటైనా పో అన్నారు. రెండో ఆటగాణ్ణి మాత్రం తీసేశారు. కథకి అడ్డమట. అన్న వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని, చేతిలో ఏమీ లేకపోయినా, ఒట్టి నోటితో ఆడేవాడు. "మేడ మీద రెడ్డు!" అని నావైపు చూసేవాడు. "నాకు కనపడుతోందిలే అన్నా" అనేదాన్ని. నేను అలా విసుక్కోవడం అప్పుడే మొదలయింది. వాడు నవ్వేసి టీ తాగి డ్యూటీకి వెళ్ళిపోయేవాడు.

నాలుగో దాంట్లో ఇక చూడాల్సిన పని కూడా లేకుండా చేశారు. మూలన చిన్న మ్యాపు, దాని మీద పసుపు బాణం, ఆ బాణం వెంట పోతే చాలు. కవచానికి పాయింట్లు, కత్తికి పాయింట్లు, గుర్రం తోకకి కూడా పాయింట్లు. అప్పటికి నేను పెళ్ళయి ఇదే ఊళ్ళో తాల్‌బగీచాకి వచ్చేశాను, నా ఇంట్లో నేనూ, నిమ్‌పురాలో వాడూ, ఎవరికి వాళ్ళం ఆడాం. ఫోన్లో మాత్రం "ఎందాకా వచ్చినావు?" అని అడిగేవాడు. ఎప్పుడూ నాకన్నా వెనకే ఉండేవాడు. బాణం ఉన్నా వాడు ప్రతి సందూ ఆగి చూసుకునే పోయేవాడు.

ఐదో భాగం వచ్చింది. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చి మళ్ళీ కలిసి ఆడే వీలు పెట్టారు. నెట్‌లో నలుగురు, చెవులకి హెడ్‌ఫోను, నోటి దగ్గర మైకు. ఆ వార్త తెలిసిన రోజు మొదటి ఫోను మా అన్నకే చేశాను. "మళ్ళీ ఇద్దరం ఆడొచ్చు అన్నా" అని అరిచాను. అబద్ధం కాదు, ఆ క్షణాన నిజంగా అనుకున్నాను. వాడు ఆట కొని, కూతురి లాప్‌టాప్‌లో ఎక్కించుకుని, "ఎప్పుడే?" అని అడగడం మొదలెట్టాడు.

ఆలోగా మా లాబ్‌కి ఇద్దరు రీసెర్చ్ స్కాలర్లు వచ్చారు. హైదరాబాద్ అబ్బాయి, విజయవాడ అమ్మాయి. ఇద్దరికీ ఇదే ఆట పిచ్చి. నన్ను అక్కా అన్నారు, ఆదివారం మధ్యాహ్నాలు ఆడదాం రమ్మన్నారు. నాలుగో మనిషిగా వాళ్ళ హాస్టల్ స్నేహితుడొకడు. నా కత్తి చూసి వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఈ వయసులో ఎవరైనా నన్ను మెచ్చుకోవడం అదే మొదలు, ఆ రుచి మరిగాను.

వాళ్ళొచ్చిన కొత్తలో ఒకసారి కాంటీన్‌లో "ఏటి?" అన్నాను. ఆ అమ్మాయి ముద్దుగా నవ్వింది. "ఏటి అంటారా అక్కా, సినిమాల్లోనే విన్నాను" అంది. చెడ్డ నవ్వేం కాదు. అయినా నా ఒళ్ళంతా వేడెక్కింది. ఏ ఊరు అని అడిగితే వైజాగ్ అన్నాను. మా తాతలు శ్రీకాకుళం వైపునుంచి ఇక్కడి రైల్వే వర్క్‌షాపు పనికి వచ్చారు, మేం ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళం. నాకు వైజాగ్‌లో బీచ్ తప్ప ఏదీ తెలీదు. ఆ రోజునుంచి ఏంటి అంటున్నాను, చేశాను, వచ్చాను అంటున్నాను. చూశారుగా, ఇది రాస్తున్నది కూడా ఆ తెలుగులోనే.

అన్న అడిగినప్పుడల్లా నెట్ బాగాలేదని, లాబ్‌లో పని ఉందని చెబుతూ వచ్చాను. వాడు ప్రతిసారీ "ఠీక్ హై" అన్నాడు.

ఒక ఆదివారం హాస్టల్ స్నేహితుడు రాలేదు. నాలుగో చోటు ఖాళీ. నేను ఆటలో ఉన్నట్టు అన్నకి తన తెర మీద కనపడిందేమో, మేం మొదలెట్టిన కాసేపటికి టక్కున వచ్చి చేరాడు. పేరు బదులు ఏదో ఇంజన్ నంబరు పెట్టుకున్నాడు. అది చూడగానే ఎవరో నాకు తెలిసిపోయింది. మైకులో ఆ గొంతు, ఇంజన్ రొదని మించి మాట్లాడి మాట్లాడి గట్టిపడిపోయిన గొంతు.

"హలో, హలో. వినపడతందా?"

"అరె, తెలుగు అంకుల్!" అన్నాడు హైదరాబాద్ అబ్బాయి ఉత్సాహంగా. నేను కత్తి తీసి ముందుకు కదిలాను. ఆట మొదలయిపోయింది.

మా అన్న ఎలా ఆడాడో మీకు చెప్పక్కర్లేదు. "కుడి సందు ఎల్లో!" అన్నాడు. ఆగాడు. "మెట్లు గ్రీన్!" అన్నాడు. ఆగాడు. వాళ్ళిద్దరికీ నవ్వు ఆగడం లేదు. "ఏంది అక్కా ఇది, స్టేషన్ అనౌన్స్‌మెంటా?" అన్నాడు అబ్బాయి. నేనూ నవ్వాను. అది రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నవ్వాను.

చివర్లో ఒక బ్రిడ్జి వస్తుంది. అది కూలేలోగా నలుగురూ దాటాలి, ఒక్కరు మిగిలినా ఆట మొదటికి వస్తుంది. మేం ముగ్గురం దాటేశాం. అన్న అవతలి ఒడ్డున నిలబడి ఉన్నాడు.

"బ్రిడ్జి గ్రీన్!" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు.

"బ్రిడ్జి గ్రీన్!" మళ్ళీ అన్నాడు. ఈసారి కొంచెం మెల్లిగా, నా ఒక్కదాన్నే అడుగుతున్నట్టు.

రెండు మాటలు. నా నోట్లోనే ఉన్నాయి, పెదాల దాకా వచ్చాయి కూడా. అంటే వాళ్ళకి తెలిసిపోతుంది, నేనెవరో, ఎక్కడిదాన్నో, ఏ ఇంటిదాన్నో. పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను. బ్రిడ్జి కూలిపోయింది.

"ఎవరక్కా ఈయన? మీకు తెలిసినాయనా?" విజయవాడ అమ్మాయి అడిగింది.

"లేదమ్మా. ఎవరో, ఊరికే వచ్చి చేరారు" అన్నాను. మైకు తెరిచే ఉంది. వాడు వింటున్నాడని నాకు తెలుసు.

హెడ్‌ఫోనులో అన్న ఇంటి ఫ్యాను చప్పుడు వినపడింది. తర్వాత, "సారీ మేడమ్. తెలీక మీ రూములోకి వచ్చేసినాను" అని, వాడు వెళ్ళిపోయాడు.

మా అన్న జీవితంలో నన్ను మేడమ్ అనడం అదే మొదలు. వాడి గొంతులో కోపం వెతికాను. ఉంటే బాగుండేది. లేదు. తప్పు లైనులోకి వచ్చిన బండిని వెనక్కి తీసుకెళ్ళినట్టు మర్యాదగా వెళ్ళిపోయాడు.

మర్నాడు లాబ్ నుంచి నేరుగా నిమ్‌పురా వెళ్ళాను. దారిలో చెప్పాల్సినవన్నీ కూర్చుకున్నాను. నన్ను తిట్టు అన్నా, కొట్టు అన్నా, అని. వదిన తలుపు తీసి, "రా అమ్మా. నిన్నట్నుంచి మీ అన్నయ్య ఆ లాప్‌టాప్ ముందే కూకున్నారు, అన్నాలకి కూడా లెగట్లేదు" అంది.

నన్ను చూసి అన్న మొహం విప్పారింది. నేను నోరు తెరిచేలోగా వాడే మొదలెట్టాడు.

"రాయే, కూకో. ఇది సూడు. మైకు ఆపడానికి ఇక్కడొక గుర్తుంది, నాకు నిన్న తెలీనేదు. ఇంక నీ కూడా ఆడే పిల్లలకి నా గోల ఉండదు" అన్నాడు. ఎవరో తెలియని ముగ్గురితో చేరి ఆడి చూపించాడు. నోరు మెదపకుండా, ఎక్కడా ఆగకుండా, బాణం వెంట తిన్నగా బ్రిడ్జి దాటేశాడు. బాగా ఆడాడు. దాటాక చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, "ఎలగుంది?" అని అడిగాడు.

"అన్నా, వాళ్ళకి నువ్వెవరో చెప్పేస్తాను" అన్నాను. "ఈ ఆదివారమే చెప్పేస్తాను."

వాడు కంగారుపడ్డాడు. వదిన వంటింట్లో ఉందా లేదా అని ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"వద్దే. నువ్వు సెప్పిందే ఉంచు. ఇప్పుడు మార్చినావంటే, నిన్న నువ్వు అబద్దం ఆడినట్టు ఆళ్ళకి తెలిసిపోద్ది. రోజూ ఆళ్ళ మొహాలు సూడాల కదా నువ్వు."

నేను కాదనాలి. కాదనలేదు. వదిన తెచ్చిన టీ తాగి, తల ఊపి, వచ్చేశాను. హాస్టల్ స్నేహితుడు మానేశాడు, తర్వాతి ఆదివారం మైకు ఆపుకుని వచ్చి చేరిన మా అన్నకి ఆ చోటు దొరికింది. ఇప్పుడు ప్రతి ఆదివారం మేం నలుగురం ఆడతాం. నాలుగో ఆటగాడు అసలు మాట్లాడడని, చాలా మంచాయనని పిల్లలు మెచ్చుకుంటారు. ఆట అయ్యాక మైకు ఒక్కసారి తెరిచి, "వస్తానండి మేడమ్" అంటాడు మా అన్న. "మంచిదండి" అంటాను నేను.