పొట్టి స్క్రూలు

ఆ వీధిలో అందరూ వడ్రంగిని సుత్తి అనేవాళ్ళు. వయసులో ఉన్నప్పుడు ఆ పేరు ఆయన పిడికిలి వల్ల వచ్చింది. కోతమిల్లులో తోటి పనివాడొకడు "నువ్వూ ఒక మగాడివేనా" అన్న పాపానికి ఒక్క గుద్దు గుద్దితే వాడి కన్ను పోయింది. జైల్లో దేవుని వాక్యం చెప్పడానికి వచ్చేవాళ్ళ మాటలు విని మనసు మార్చుకున్నాడు. బయటికొచ్చాక బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పట్నుంచి చీమకు కూడా హాని చేయలేదు గానీ, కనబడ్డవాణ్ణల్లా ఆపి శాంతి గురించి చెప్పిందే చెప్పేవాడు. దాంతో పేరు అదే ఉండిపోయింది, అర్థం మాత్రం మారింది.

ఆయనకు తన చేతులంటే తనకే భయం. పనవగానే సుత్తిని పెట్టెలో వేసి మూత పెట్టేసేవాడు, అది బయట ఉంటే ఏం కొంప మునుగుతుందో అన్నట్టు.

ఆదివారం సాయంత్రం చర్చిలో మగవాళ్ళు కూడి మాట్లాడుకునేవాళ్ళు. అక్కడా ఆయన మాటే పైమాట. "ప్రభువు రెండో చెంప చూపించమన్నాడా లేదా? కత్తి ఒరలో పెట్టమన్నాడా లేదా? కొట్టేవాడు కాదయ్యా మగాడు, దెబ్బ తిని నిలబడేవాడు మగాడు" అనేవాడు. రిటైరైన వాచ్‌మన్ ఒకాయనకు మాత్రం ఆ మాట గొంతు దిగేది కాదు.

"మరి గొర్రెల కాపరి చేతిలో కర్ర ఎందుకుంది మేస్త్రీ? వీపు గోక్కోవడానికా?" అన్నాడొకసారి.

అందరూ గొల్లుమన్నారు. సుత్తి కూడా నవ్వాడు. నవ్వాడే కానీ మాట మార్చుకోలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

ఆయనకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడే తల్లి పోతే మేనత్త పెంచింది. ఇంట్లో కంటే వడ్రంగి షెడ్డులోనే ఎక్కువ పెరిగిందనాలి. తండ్రి పనిలో ఉండి చెయ్యి చాపితే చాలు, డబ్బాలో చెయ్యి పెట్టి, చూడకుండానే, కావలసిన స్క్రూ తీసి ఇచ్చేది. పెళ్ళి చేసి వెనక వీధికే పంపాడు. అల్లుడు వ్యాను నడుపుతాడు, చర్చిలో పాటలు పాడతాడు, ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొడతాడు. మొదటిసారి ఆ పిల్ల పెదవి చిట్లి వచ్చినప్పుడు సుత్తి పక్కన కూర్చోబెట్టుకుని తల నిమిరాడు.

"ఓర్చుకో అమ్మడూ. నీ ఓర్పు చూసి వాడే మారతాడు. నేను మారలేదూ?"

వంటింట్లోంచి మేనత్త గరిటెతో సహా వచ్చింది. "ఒరేయ్, నీ చెంప నీ ఇష్టం, ఎన్నిసార్లైనా తిప్పుకో. దాని చెంప తిప్పడానికి నువ్వెవడివిరా?"

"మగాడు ఇంటికి శిరస్సు కదక్కా..."

"శిరస్సైతే కాస్త ఆలోచించమను. ఎదుటివాళ్ళ శిరస్సు పగలగొట్టమని ఎవడు చెప్పాడు వాడికి?"

ఒక మధ్యాహ్నం అమ్మాయి షెడ్డుకొచ్చింది. చెవి పక్కన నల్లగా కమిలి ఉంది. ఏడవలేదు. పని చెప్పడానికి వచ్చిన మనిషిలాగే మాట్లాడింది.

"నాన్నా, మా పడకగదికి లోపల గడియ పెట్టిపెట్టు. ఆయన తాగొచ్చినప్పుడు తలుపేసుకుని కూర్చుంటా. తెల్లారేసరికి మామూలైపోతాడు."

"మొగుడి మీద గడియేంటమ్మా?"

"గడియ పెట్టుకుంటే కొట్టినట్టు కాదు కదా నాన్నా! ఇందులో పాపమేముంది? ఇప్పుడైతే వెనక తలుపులోంచి పక్కింటికి పరిగెత్తుతున్నా. ఎన్నాళ్ళని పరిగెత్తను చెప్పు."

సుత్తి ఇరుకున పడ్డాడు. కాదంటే పిల్ల మొహం చూడలేడు. సరేనంటే ఇన్నాళ్ళు చెప్పిందంతా అబద్ధమైపోతుందని బెంగ. ఇవాళ గడియ, రేపు కర్ర, ఎల్లుండి తన సుత్తే బయటికొస్తుందేమో. ఒకసారి లేచిన చెయ్యి ఎక్కడ ఆగుతుందో కోతమిల్లులో చూసినవాడు.

చివరికి పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక దారి కనిపెట్టాడు మహానుభావుడు! పెద్ద ఇత్తడి గడియ కొన్నాడు. చూస్తే ఖజానా తలుపుకు పెట్టేదనుకుంటారు. దాన్ని బిగించడానికి మాత్రం పలచటి చెక్కలకు వాడే పొట్టి స్క్రూలు తీశాడు. పైకి తల పెద్దవాటిలాగే ఉంటుంది, లోపలికి దిగేది గోరంత. అలాగైతే పిల్లకు ధైర్యంగా ఉంటుంది, మొగుడి మీద తలుపు నిజంగా మూసినట్టూ కాదు. గడియ చూస్తే అల్లుడే సిగ్గుపడి ఆగిపోతాడులే అనుకున్నాడు. ఆయన బిగిస్తున్నంతసేపూ అమ్మాయి అవతల గదిలో టీ కాస్తోంది. వచ్చి చూడలేదు. తండ్రి వేసిన గడియను చూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

అల్లుడు సిగ్గుపడలేదు. ఆ వారంలోనే ఒక సాయంత్రం తాగి వచ్చాడు. వ్యాను ఆగిన చప్పుడులోనే అమ్మాయికి సంగతి తెలిసిపోయింది. గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. వెనక తలుపు తీసే ఉంది, కావాలంటే పరిగెత్తొచ్చు. ఇక ఆ అవసరం లేదనుకుంది పిచ్చితల్లి. మంచం మీద కూర్చుని వాడి చొక్కాకే గుండీ కుడుతోంది. ఒక్క తన్నుకు గడియ ఊడి మంచం కింద పడింది.

దవడ విరిగింది. ఎడమ చెవికి వినికిడి పూర్తిగా పోయింది. పక్కింటివాళ్ళు వచ్చి అడ్డం పడకపోతే మనిషే దక్కేది కాదు.

ఆసుపత్రికి మేనత్త బట్టలు మూటగట్టి తెచ్చింది. వాడి మీద మంటతో, ఊడిన గడియ కూడా అందులోనే పడేసింది. అమ్మాయి మూటలోంచి దాన్ని తీసుకుంది. దవడకు తీగలు కట్టారు, మాట్లాడే వీలు లేదు. వేలాడుతున్న స్క్రూ ఒకటి ఊడబెరికి, రెండు వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత మంచం పక్కన నిలబడ్డ తండ్రి వైపు చూసింది.

"పొరపాటున కాదమ్మా," అన్నాడు సుత్తి. "తెలిసే వేశాను."

ఆ పిల్ల స్క్రూను ఆయన అరచేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. అయ్యో, నాలుగు తిట్లు తిట్టినా ఆయన ప్రాణం కాస్త కుదుటపడేది! తిట్టడానికి నోరు కూడా లేకుండా చేశారు, ఆ మగాడూ ఈ మగాడూ కలిసి.

అల్లుడు బెయిలు మీద బయటికొచ్చాడని తెలిసిన రోజు సుత్తి పెట్టె మూత తీశాడు. వెనక వీధికి వెళ్ళేసరికి వాడు వ్యాను కడుక్కుంటున్నాడు. మామ చేతిలో ఉన్నది చూశాడు.

"ఏం మామా, ఇన్నాళ్ళకు మగాడినని గుర్తొచ్చిందా?"

చెయ్యి లేచింది. వాడు నవ్వు మానేసి, రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కింద కూలబడ్డాడు. వాడి భయం చూస్తుంటే సుత్తికి హాయిగా అనిపించింది. కోతమిల్లులోనూ సరిగ్గా ఇలాగే ఉండింది. ఈ దెబ్బ పిల్ల కోసం కాదని అప్పుడు తెలిసింది ఆయనకు, ఇది తన కోసం. పిల్లకు కావలసింది ఈ సుత్తి కాదు. ఆ రోజు నాలుగు పొడుగు స్క్రూలు వేసి ఉంటే చాలు. ఎవడి ఎముకా విరిగేది కాదు, ఎవరి వాక్యమూ తప్పేది కాదు. చేతులు కాలాయి, ఇక ఆకులెందుకు? చెయ్యి దించి ఇంటికొచ్చాడు. వీధిలో కొందరు దేవుడు ఆపాడన్నారు, కొందరు పిరికిపంద అన్నారు. ఆదివారం కూటంలో వాచ్‌మన్ పక్కకు జరిగి చోటిచ్చాడు. సుత్తి ఆ చోట్లో కూర్చుని అందరి మాటలూ విన్నాడు.

అమ్మాయిని మేనత్త పుట్టింటికే తెచ్చేసింది. వెనక గది ఇచ్చారు. సుత్తి కొత్త గడియ, బొటనవేలంత పొడుగు స్క్రూలు తెచ్చి తలుపు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అమ్మాయి వచ్చి చెయ్యి చాపింది. చిన్నప్పుడు ఆయన చాచిన చేతిలో ఆ పిల్ల స్క్రూలు పెట్టినట్టే, ఇప్పుడు ఆయన పెట్టాడు.

"స్క్రూడ్రైవర్ కూడా ఇవ్వు నాన్నా," అంది. దవడ ఇంకా సరిగా ఆడదు, మాట ముద్దగా వచ్చింది. "నేనే బిగించుకుంటా."

"చేతులు నొప్పెడతాయమ్మా. నేను..."

"ఇవ్వు."

ఇచ్చాడు. ఒక్కో స్క్రూనూ వెలుగులో పెట్టి చూసుకుని మరీ బిగించింది. సాయం పట్టబోయిన మేనత్తను కూడా వద్దంది. అంతా అయ్యాక తండ్రిని బయటికి పంపి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు ఆయనకు బాగా వినిపించింది.

అలవాటు కొద్దీ, పని ఎలా కుదిరిందో చూద్దామని తలుపుకు భుజం ఆనించి గట్టిగా తోశాడు. కదల్లేదు.

"ఎవరది?" లోపలి నుంచి అమ్మాయి గొంతు, వణుకుతూ.

"నేనేనమ్మా. నాన్నని."

గడియ తీయలేదు.