లిఫ్ట్ ఎక్కిన చెప్పులు

జపాన్‌లోని కనజావా ఊళ్లో, ఒక హోటల్లో మేము చేసిన ఘనకార్యం నిద్రపోవడం. మా ఆవిడ, పాప, హైదరాబాద్ నుంచి వచ్చి మాతో కలిసిన నా బావమరిది, నేను. ఉన్నన్నాళ్లూ వాన. చూడాల్సిన తోట చూడలేదు, కోట చూడలేదు. చాపల నేల మీద వరసగా పరిచిన పరుపుల్లో పడుకున్నాం, లేచి వేణ్ణీళ్ల తొట్టిలో కూర్చున్నాం, మళ్లీ వచ్చి పడుకున్నాం. పెళ్లయ్యాక మా ఆవిడ ముఖం అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు.

ఇంత చప్పగా చెబితే ఎవరు వింటారు? జర్మనీలో మేముండే మ్యూనిక్‌కి తిరిగొచ్చాక కాస్త తాలింపు పెట్టాను. బావమరిది తొట్టిలో దిగేసరికి నీళ్లు పొంగి కారిడార్లోకి వచ్చాయనీ, గుమ్మాల ముందున్న చెప్పులన్నీ తేలుకుంటూ వెళ్లి లిఫ్ట్ ఎక్కాయనీ. లాక్‌డౌన్ వచ్చి ఇల్లే ఆఫీసూ ఇల్లే బడీ అయ్యాక, ఆదివారం మధ్యాహ్నం వీడియో కాల్లో నేను ఈ కథ ఎత్తుకోవడం, హైదరాబాద్ నుంచి బావమరిది అడ్డుపడటం మా ఇంట్లో వాడుకైపోయింది.

"గింత అబద్ధమా బావా! నీళ్లు నా మోకాళ్ల దాక గూడ లేకుండె. అక్కా, నీ మొగనికి మాస్క్ సాలది, నోటికి తాళమెయ్యి."

"ఏస్త తమ్మీ, తాళంచెవి నీకే పంపిస్త," అనేది మా ఆవిడ.

రెండో వేవ్‌లో అతను పోయాడు. ఆక్సిజన్ పడక దొరికిందన్న కబురుకీ, ఇక అక్కర్లేదన్న కబురుకీ మధ్య మేము టీ కూడా తాగలేదు. మా ఆవిడ వెళ్లలేకపోయింది. వెళితే తిరిగి రానిస్తారో లేదో తెలియని రోజులు; వెళ్లినా ఎవరినీ దగ్గరికి పోనివ్వని రోజులు. వంటింట్లో ఫోన్‌ని పంచదార డబ్బాకి ఆనించి, నిలబడే దహనమంతా చూసింది.

అప్పటి నుంచి మాట్లాడటం మానేసింది. పిలిస్తే తల తిప్పేది. అన్నం పెడితే మెతుకులు కెలికేది. డాక్టర్ దగ్గర టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఇప్పట్లో లేదన్నారు. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. ఒక ఆదివారం, ముగ్గురం బల్ల దగ్గర ఉన్నప్పుడు, చెప్పుల కథ మొదలుపెట్టాను. ఆమెకి కోపం రావాలి. అబద్ధమని అరవాలి. అంతకంటే నాకేమీ అక్కర్లేదు.

అతను అడ్డుపడే చోటికొచ్చి ఆగాను.

"నైన్, నాన్నా," అంది పాప జర్మన్‌లో మెల్లిగా, వద్దన్నట్టు చూస్తూ.

నేను వినలేదు. నీళ్లని వీధిలోకి పొంగించాను. మీ తమ్ముడు తొట్టితో సహా కొట్టుకుపోయాడన్నాను. స్టేషన్ దాటి, పొలాలు దాటి సముద్రంలో పడ్డాడన్నాను. పడవవాళ్లు వలేసి లాగితే, హోటల్ తువ్వాలు జారిపోకుండా ఒక చేత్తో పట్టుకుని, టీ ఉందా అని అడిగాడన్నాను. అంత పెద్ద కోత నేను పుట్టాక కొయ్యలేదు.

మా ఆవిడ తలెత్తింది.

"అవును. గట్లనే అయింది," అంది. "బయటికి తీసిన్రు గదా? బతికిండు గదా?"

పాప నా వైపు చూసింది.

"తీశారు," అన్నాను.

"తర్వాత?"

కంచం పక్కకి జరిపి, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని కూర్చుంది, వినడానికి. తర్వాత ఏమైందో నాకు తట్టలేదు.