నలుగురు రాజులు, ఒక మాల్కం పెదనాన్న

మా పెదనాన్న పేరు గొల్లపల్లి మాల్కం. కాకినాడ వైపు మనిషి. నల్లగా, పొట్టిగా, నెత్తి మీద ఒక్క వెంట్రుక లేకుండా ఉండేవాడు. కాలిఫోర్నియాలో డబ్లిన్ అనే ఊళ్ళో ఒక హార్డ్‌వేర్ షాపులో పెయింట్ కౌంటర్ దగ్గర పనిచేసేవాడు. చొక్కా మీద ‘మాల్కం’ అని బ్యాడ్జి ఉండేది. ఫోన్‌లో ఆయనతో మాట్లాడి వచ్చిన కస్టమర్లు కౌంటర్ దగ్గర నిలబడి ఆయన భుజం మీదుగా వెనక్కి చూసేవాళ్ళు, అసలు మాల్కం ఎక్కడో వెనక నిచ్చెన ఎక్కి ఉన్నట్టు.

“నేనే మాల్కం” అనేవాడు పెదనాన్న. “స్కాట్లండ్‌లో ఈ పేరుతో నలుగురు రాజులు ఏలారు. ఐదోవాణ్ణి నేను. మీకు ఏ రంగు కావాలి?”

ఆ ఇంట్లో సంపాదన ముఖ్యంగా మా దేవకుమారి పెద్దమ్మది. ఆవిడ నర్సు. ముందు ఆవిడ వచ్చింది, తర్వాత ఆయన్ని, కొడుకు రాజ్‌నీ రప్పించుకుంది. ఇండియాలో మిషన్ స్కూలు హెడ్మాస్టరుగా బెత్తం ఆడించిన మనిషికి ఇక్కడ పెయింట్ కలిపే కర్ర దొరికింది. ఆయనకు పెద్ద తేడా కనబడినట్టు లేదు. నేను ఇంటర్ మధ్యలో ఆపేసి ఎనభై ఒకటిలో వాళ్ళింటికి వచ్చాను, వంటకీ, ఇంటి పనికీ సాయంగా. వంటింట్లో ఉండేవాళ్ళ ముందు మగవాళ్ళు ఏదీ దాచరు. అందుకే ఇదంతా నాకు తెలుసు.

పెదనాన్న పుట్టింది మిషన్ ఆస్పత్రిలో. అడ్డం తిరిగిన బిడ్డ. కెనడా నుంచి వచ్చిన స్కాట్లండ్ జాతి దొర ఒకాయన, డాక్టరు మాల్కం గారు, చొక్కా చేతులు మడిచి బయటికి లాగాడట. లాగిన చేతుల్లోనే ఎత్తి పట్టుకుని, “వీడికి నా పేరు పెట్టండి, గొప్పవాడవుతాడు” అన్నాడట. ఈ మాట పెదనాన్న మాకు ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పిన ప్రతిసారీ దొర ఇంకొంచెం పొడుగయ్యేవాడు.

మా వైపు పాత క్రైస్తవులకు ఒక నమ్మకం ఉండేది. దొరల పేర్లన్నీ బైబిల్లోవే అని. దొర అన్నాక బైబిల్లో లేని పేరు ఎందుకు పెట్టుకుంటాడు? పెదనాన్న తల్లి కూడా మాల్కం అంటే పన్నెండుమంది శిష్యుల తర్వాత వచ్చిన ఎవరో అనుకుని కన్ను మూసింది. పెదనాన్న హెడ్మాస్టరు కనుక లేదని తెలుసు గానీ, తల్లి మాట కాదనలేక ‘దొరికితే దొరుకుతుంది’ అన్నట్టు ఉండేవాడు.

ఎనభై నాలుగులో రాజ్ భార్య శాంతికి మగపిల్లాడు పుట్టాడు. గొడవ అక్కడ మొదలైంది.

మా వైపు తాత పేరు మనవడికి రావడమంటే పొలం రావడం లాంటిది. అడగక్కర్లేదు, వస్తుంది. పెదనాన్న కూడా అడగలేదు. ఆస్పత్రిలో బిడ్డను ఎత్తుకుని, “ఏరా మాల్కం” అన్నాడు.

“డాడీ,” అన్నాడు రాజ్, “మేం నిఖిల్ అని డిసైడ్ చేశాం.”

“ఎవడు వాడు?”

“ఎవడూ కాదు. ఇండియన్ నేమ్. నా కొడుక్కి ఇండియన్ నేమ్ కావాలి. మాల్కం ఏంటి డాడీ, మనల్ని రూల్ చేసినవాళ్ళ పేరు.”

“నువ్వు ముందు తెలుగులో ఒక వాక్యం పూర్తి చెయ్యి. తర్వాత ఇండియన్ పేరు గురించి మాట్లాడు.”

బిడ్డకు ఆస్పత్రి కాగితాల్లో ‘బేబీ బాయ్’ అనే ఉండిపోయింది. ఇంట్లో శాంతి ‘చిన్నీ’ అనేది, రాజ్ ‘బడ్డీ’ అనేవాడు. పెదనాన్న పేరు పెట్టి పిలవడమే మానేసి, “ఇదిగో, వీడు తడిపాడు” అనేవాడు. ఆయనకు ఒక్కడే కొడుకు. ఆ కొడుకూ కోడలూ ఈ ఒక్క బిడ్డతో సరి అని ముందే చెప్పేశారు. ఇక్కడ తప్పితే ఆ పేరు ఇంకెక్కడా దిగదు.

వాదన గెలవాలంటే ఆధారం కావాలని పెదనాన్న లైబ్రరీకి బయలుదేరాడు. పుస్తకాలు మోయడానికి తోడు నన్ను తీసుకెళ్ళాడు. కౌంటర్ దగ్గర ఒక నల్లజాతి పెద్దావిడ ఉంది. ఆయన బ్యాడ్జి చూసి, “మాల్కం. మంచి పేరు” అంది. ఒకరు ఆయన పేరు చూసి వెనక్కి చూడకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆవిడ మాల్కం ఎక్స్ గురించి చెప్పింది. తాతముత్తాతల్ని బానిసలుగా ఉంచుకున్నవాళ్ళు తగిలించిన ఇంటిపేరును ఆయన కొట్టేసి, ఆ చోట ‘ఎక్స్’ పెట్టుకున్నాడనీ, తర్వాత తుపాకులతో కాల్చి చంపారనీ చెప్పింది. పుస్తకాలు కూడా తెచ్చిచ్చింది.

ఆ రోజు భోజనాల దగ్గర పెదనాన్న ఆ కథ చెప్పగానే రాజ్ గరిటె కింద పెట్టాడు.

“ఎగ్జాక్ట్లీ డాడీ. వైట్ మాన్ ఇచ్చిన పేరు ఆయన త్రో చేశాడు. మీరు పట్టుకుని వేలాడుతున్నారు.”

“ఇంటిపేరు పారేశాడు” అన్నాడు పెదనాన్న. “మాల్కం ఉంచుకున్నాడు. పుస్తకం సరిగ్గా చదువు.”

రాజుల సంగతి మాత్రం పెదనాన్నకు అంత కలిసిరాలేదు. నేల మీదా నీళ్ళ మీదా వేగంలో రికార్డులు కొట్టిన ఒక మాల్కం ఉన్నాడని సంతోషించాడు గానీ, ఆయనకు ‘సర్’ అనే బిరుదు తప్ప రాజ్యం లేదు. మొదటి రాజు గురించి ఎవరికీ పెద్దగా తెలియదు. రెండో మాల్కంకు కొడుకుల్లేరు. కూతురి కొడుకు గద్దె ఎక్కాలని అడ్డమొచ్చే దాయాదుల్ని చంపించాడంటారు.

“మనవడి మీద అంత ప్రేమ” అన్నాడు పెదనాన్న.

“ఆ మనవడి పేరేంటి?” అన్నాడు రాజ్.

పెదనాన్న పేజీ తిప్పాడు. “డంకన్.”

రాజ్‌కు ఇంకేమీ అనాల్సిన అవసరం రాలేదు. మూడో మాల్కంను పెద్ద తలకాయ అనేవారట. నాలుగోవాడు పెళ్ళి కాకుండానే చిన్న వయసులో పోయాడు. లోకం అతన్ని ‘కన్నెపిల్ల’ అని పిలిచింది. ఇక పేరుకు అర్థం చూస్తే, కొలంబా అనే సాధువు గారి దాసుడు అని. అక్కడితో ఆపితే బాగుండేది. ఆ దాసుడు అనే మాటకు వాళ్ళ పాత భాషలో అసలు అర్థం గుండు. సన్యాసులు తల గొరిగించుకుంటారు కదా, అదన్నమాట. పెదనాన్న ఆ పుస్తకాన్ని గడువుకు ముందే లైబ్రరీకి ఇచ్చేశాడు.

అయినా ఆలస్యమే అయింది. అప్పటికే ఏసుపాదం అంకుల్ చదివేశాడు. ఆయన గుంటూరు లూథరన్. మా వాళ్ళు కాకినాడ బాప్టిస్టులు. ఆయనా పెదనాన్నా ఇరవై మైళ్ళ దూరంలో ఉండి ప్రతి ఆదివారం తెలుగు చర్చిలో పక్కపక్కన కూర్చుని పోట్లాడుకునేవాళ్ళు.

“మాల్కం గారూ, కొలంబా గారి గుండు అన్నమాట మీరు” అన్నాడు అంకుల్. “దొర మిమ్మల్ని చూడగానే కనిపెట్టాడు.”

“పుట్టినప్పుడు నాకు జుట్టుందయ్యా.”

“దొరలు దూరదృష్టి గలవాళ్ళు. పోనీ, బైబిల్లో వెతికాను మీ కోసం. మిల్కోము అని ఒకటుంది. అమ్మోనీయుల విగ్రహం. హేయమైనది అని రాసుంది.”

పెద్దమ్మ ఇవన్నీ చాలాకాలం విని ఊరుకుంది. ఒక శనివారం మేం చేపలు శుభ్రం చేస్తుంటే, పెదనాన్న మళ్ళీ దొర చేతుల్లో పుట్టిన కథ మొదలుపెట్టాడు. ఈసారి శాంతికి. పెద్దమ్మ కత్తి ఆపింది.

“ఆ దొర ఉన్నన్నాళ్ళూ ఆ ఆస్పత్రిలో అడ్డం తిరిగిన మగపిల్లలందరూ మీ పేరువాళ్ళే” అంది. “దొర పెట్టడం కాదు, మన అమ్మలే పెట్టుకునేవాళ్ళు. మా వీధిలోనే ముగ్గురు. జట్కా తోలేవాడొకడు. మన పెళ్ళికి క్లారినెట్ వాయించినవాడొకడు. మా పిన్ని పందిని ఎత్తుకుపోయినవాడొకడు.”

“పందిని ఎత్తుకుపోయింది జాన్” అన్నాడు పెదనాన్న.

“జాన్ కాళ్ళు పట్టుకున్నాడు. తల పట్టుకున్నది మీ పేరువాడు.”

శాంతి నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత ఆయన ముఖం చూసి, మాట మార్చడానికి కాబోలు, “మామయ్యగారూ, మరి మీ తాతగారి పేరు మీకెందుకు పెట్టలేదు?” అని అడిగింది.

పెదనాన్న హుషారుగా చెప్పడం మొదలుపెట్టాడు. అది కూడా ఆయన దగ్గరున్న తమాషా కథే. తాత పేరు అప్పన్న. క్రైస్తవంలో కలవనివాడు. పెద్ద మనవడు పుట్టాడని ఊరి నుంచి నడుచుకుంటూ ఆస్పత్రికి వచ్చాడు, తలపాగా కొత్తది చుట్టుకుని. పేరు మాల్కం అని చెప్పారు. లోపలికి రాకుండా వెనక్కి నడుచుకుంటూ పోయాడు. తర్వాత బతికున్నంత కాలం మనవణ్ణి పేరుతో పిలవలేదు. ‘దొరగారూ’ అనేవాడు.

“దొరగారూ, తమరు గేదెను తోలుకొస్తారా అండీ. దొరగారూ, తమరు గంజి తాగుతారా అండీ. ఇలా ఉండేది వరస. పోయే ముందు రోజు కూడా, దొరగారొచ్చారా అని...”

అక్కడ నవ్వాలి. ప్రతిసారీ నవ్వేవాడు. ఆ రోజు ఆయన నోరు నవ్వడానికి తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత చేతులు కడుక్కోకుండానే చేపల వాసనతో వెళ్ళి హాల్లో కూర్చున్నాడు. అప్పటినుంచి పేరు గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదు. ఒప్పుకున్నాడని రాజ్ అనుకున్నాడు.

మా తెలుగు చర్చి అంటే ఒక అమెరికన్ చర్చి వాళ్ళు మధ్యాహ్నం పూట మాకిచ్చే హాలు. పాస్టర్ దైవాశీర్వాదం గారు బిడ్డల్ని దేవుడికి ప్రతిష్ఠించి పేరు పెట్టేటప్పుడు పాత ఊరి పద్ధతే పాటించేవాడు. ఇంటి పెద్ద మైకులో పేరు చెప్పాలి. సంఘమంతా మూడుసార్లు ఆ పేరు పలకాలి. పలికాక దేవుడు కూడా మార్చడని ఆయన అనేవాడు. మా బిడ్డ వంతు వచ్చిన ఆదివారం కారులో రాజ్ రెండు మూడుసార్లు, “నిఖిల్, ఓకే డాడీ?” అన్నాడు. పెదనాన్న కిటికీలోంచి చూస్తూ తల ఊపాడు.

పాస్టరు గారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని, “అయ్యగారూ, బిడ్డ పేరు చెప్పండి” అన్నాడు.

మైకు కీచుమంది. పెదనాన్న గొంతు సవరించుకున్నాడు.

“అప్పన్న.”

ముందు వరసల వాళ్ళు అలవాటు కొద్దీ “అప్ప...” అనేసి ఆగిపోయారు. పాస్టరు గారు మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు, కానీ మైకు మంచిది, అంతా వినబడింది.

“సింహాచలం దేవుడి పేరు కదండీ అది. చర్చిలో ఎలా చెప్పమంటారు?”

“మా తాత పేరండీ. మాల్కం మాత్రం బైబిల్లో ఉందా?”

రాజ్ పరుగులాంటి నడకతో వచ్చాడు. “డాడీ, వాట్ ఆర్ యూ డూయింగ్? నిఖిల్ అని చెప్పండి.”

“ఇండియన్ పేరు కావాలన్నావు కదరా. ఇంతకంటే ఇండియన్ పేరు నా దగ్గర లేదు.”

“కిండర్‌గార్టెన్‌లో వాణ్ణి చంపేస్తారు.”

“నన్ను చంపారా?”

రాజ్ తండ్రి వైపు చూశాడు, పాస్టరు వైపు చూశాడు, ఫలహారాల కోసం ఎదురుచూస్తున్న సంఘం వైపు చూశాడు. “ఓకే. ఓకే, యూ విన్. దానికంటే మీ పేరే బెటర్” అని మైకు లాక్కున్నాడు. “మాల్కం. బేబీ పేరు మాల్కం.”

పాస్టరు గారు ఊపిరి పీల్చుకుని చెయ్యెత్తాడు. సంఘమంతా మూడుసార్లు మాల్కం అంది. అందరికంటే గట్టిగా అన్నది ఏసుపాదం అంకుల్. పులిహోర దగ్గర పెదనాన్న వీపు మీద చరిచాడు కూడా. “ఏం ఎత్తు వేశారండీ. మా గుంటూరోళ్ళకు కూడా రాదు ఇంత తెలివి.”

పెదనాన్న చేతిలో కాగితప్పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. నేను ఎదురుగా కుర్చీలో ఉన్నాను. అది గెలిచినవాడి ముఖం కాదు. ఎక్కాల్సిన బస్సు కళ్ళ ముందే కదిలిపోతుంటే చూస్తున్న మనిషి ముఖం. అది ఎత్తు కాదని అక్కడ ఎవరికీ చెప్పలేదు ఆయన. చెప్పినా నమ్మేవాళ్ళు కాదు.

ఇంటికొచ్చాక బిడ్డ ఏడుపు అందుకున్నాడు. శాంతి బట్టలు మార్చుకుంటోంది. రాజ్ ఇంకా కోపం మీద ఉన్నాడు. పెద్దమ్మ వెళ్ళి ఎత్తుకుని భుజాన వేసుకుంది. “ఊరుకో, ఊరుకో నా...” అని ఆగింది.

మా పెద్దమ్మ అమెరికన్ ఆస్పత్రిలో డాక్టర్లను మొదటి పేరుతో పిలిచే మనిషి. కానీ పెళ్ళయిన నాటి నుంచీ మొగుడి పేరు నోటితో పలికి ఎరగదు. షాపుకి ఫోన్ చేసినా ‘పెయింట్ దగ్గరుండే పెద్దాయన’ అనేది. ఇప్పుడా పేరు భుజం మీద పడుకుని ఏడుస్తోంది.

“ఊరుకో అప్పన్నా” అంది.

రాజ్ తల తిప్పాడు. “అమ్మా.”

“ఏం చెయ్యమంటావురా? మీ నాన్న పేరు నన్ను పలకమంటావా? నా బతుకులో అది జరగదు.” వీపు నిమురుతూ హాల్లో ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. “మా అప్పన్న మంచోడు. మా అప్పన్న ఏడవడు.”

సోఫాలో పెదనాన్న పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపటి వరకూ పేజీ తిప్పిన చప్పుడు రాలేదు.