సుందరరాజు సారు వంతు

సుందరరాజు సారు మా ఆళ్లగడ్డ మిషన్ బళ్లో లెక్కలు చెప్పేవాడు. తొంభై రెండు కిలోల మనిషి. భార్య లూదియమ్మ పోయాక ఇంట్లో పొయ్యి వెలిగించడమే మానేశాడు. రోజూ హోటలే. ఆదివారం ఆరాధన అయ్యాక మాత్రం సంఘంలో ఒక్కో వారం ఒక్కో ఇంటివాళ్లం వంతు వేసుకుని ఆయనకు మాంసం కూరతో భోజనం పెట్టేవాళ్లం. ఆయన తిండి ఎంతో, కబుర్లు అంతకు రెండింతలు. సాయంత్రమైనా కదిలేవాడు కాదు.

1981లో గుండెలో నొప్పి వచ్చి నంద్యాల పోయాడు. నెత్తురు పరీక్షలో కొలెస్ట్రాల్ మూడు వందలు దాటిందట. మాంసం, నూనె మానేసి బరువు తగ్గకపోతే గుండెకు ముప్పేనని డాక్టరు తేల్చేశాడు. ఆ కబురు వినగానే మేం వంతులు ఆపేశాం. పెట్టి చంపారన్న మాట ఎవరికి కావాలి? పప్పూ జొన్నరొట్టే పెడితే సరిపోయేది. కానీ ఆదివారం పిలిచి పప్పు పెట్టడం మాకు నామోషీ. అంత తెలివైనవాళ్లం.

సారు ఇంట్లోనే రొట్టెలు కాల్చుకోవడం నేర్చుకున్నాడు. ఏడాదిలో పద్దెనిమిది కిలోలు తగ్గాడు. చొక్కాలు వేలాడేవి. మాటలూ తగ్గాయి.

మళ్లీ నంద్యాల పోయి పరీక్ష చేయించుకుని, మరుసటి ఆదివారం పిలవకుండానే మా ఇంటికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. అంతా మామూలుకొచ్చిందట, వారానికి రెండు మాంసం ముక్కలు తినొచ్చని డాక్టరు అన్నాడట. కాగితం కూడా చూపించాడు.

నా భార్య జీవమ్మ వంటింట్లోంచే నాతో అంది: "డాక్టరు అట్లే అంటాడు. రేపు ఏమన్నా అయితే మనం యాడికి పోవాల?"

సారుకు వినిపించింది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకేం పెట్టాకు జీవమ్మా. కొంచేపు కూర్చోని పోతా."

ఎదుటి మనిషికి పెట్టకుండా తినే అలవాటు మా ఇళ్లల్లో లేదు. అందుకని ఎవరం తినలేదు. పిల్లలు ఆకలితో నసుగుతున్నారు. నేను వానల గురించి ఏదో మాట్లాడాను. నా మీద నాకే అసహ్యం వేసింది, అయినా కంచం పెట్టమని చెప్పలేకపోయాను.

పావుగంటకు ఆయనే లేచాడు. "మీరు తినండప్పా, పిల్లోళ్లు ఆకలిగొన్నారు," అన్నాడు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి, తలుపు మూసి, కంచాలు వేసుకున్నాం.