వెనకాల ఉండే రాగిది

2008. చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన మరుసటి ఏడు. అప్పుడు చింతామణిలో నాకు చెక్కపెట్టెలు కట్టే షెడ్డు ఉండేది. మొదట్లో టమాటా పెట్టెలు కొట్టేవాణ్ణి. తర్వాత మోటార్లకు, రీలింగ్ మిషన్లకు పెట్టెలు. ఆ తర్వాత, ఇంటి సామాన్లు విదేశాలకు పంపే బెంగళూరు కంపెనీ ఒకటి, మా వైపు నుంచి ఎవరైనా దేశం వదిలి పోతుంటే సామాను కట్టే పని నాకు అప్పగించడం మొదలుపెట్టింది.

నేను బడికి పోయినవాణ్ణి కాదు. పెట్టె మీద ఏం రాసి ఉందో ప్రతిసారీ ఇంకొకణ్ణి అడగడం నచ్చక, నలభై దాటాక కన్నడ అక్షరాలు నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు వాటికి చుట్టాలే కాబట్టి అవీ పట్టుబడ్డాయి. నా దగ్గర సోకు మాటలు లేవు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఈ పనిలో కష్టమంతా కట్టడంలోనే ఉందని చాలామంది అనుకుంటారు. కాదు. కట్టడం చేతిపని, ఎవరైనా నేర్చుకుంటారు. ఏది కట్టాలో తేల్చడమే కష్టం. సామాను పెట్టే పెద్ద పెట్టెను లిఫ్ట్ వ్యాన్ అంటారు. పేరుకే వ్యాను, చక్రాలుండవు. కంటైనర్‌లోకి ఎక్కించే చెక్కపెట్టె, అంతే. ఓడలో పోయే సామానుకు బరువుతో అంత పట్టింపు లేదు. అది ఎంత చోటు తింటుందన్నదే లెక్క. దాన్ని వాల్యూమ్ అంటారు. ఇది ఎంత చెప్పినా మనవాళ్ళ తలకెక్కదు. రోలు చూసి "అబ్బో, బరువు" అంటారు. ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ము చూసి "తేలికే కదప్పా, ఏసేయ్" అంటారు. డ్రమ్ము నిండా ఉన్నది గాలి. గాలిని సముద్రం దాటించేవాళ్ళను నేను చాలామందిని చూశాను.

ఆ ఏడు ఒక ఇంటికి పోయాను. చింతామణి నుంచి శిడ్లఘట్ట పోయే దారిలో ఊరు. ఇద్దరు అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు. అన్న నారాయణప్ప మల్బరీ తోట, పురుగుల పెంపకం చూసుకునేవాడు. తమ్ముడు మంజునాథ రీలింగ్ నేర్చినవాడు. రీలింగ్ అంటే పట్టుగూళ్ళను ఉడికించి దారం తీయడం. ఉగాండాలో పట్టు పరిశ్రమ పెట్టినవాళ్ళు పని తెలిసిన మనిషి కావాలంటే పోయాడు. పోయి ఏడాదయింది. ఇప్పుడు భార్య సుజాత, ఇద్దరు ఆడపిల్లలు పోవాలి. సామానుకు అతను పనిచేసే కంపెనీ ఒక లిఫ్ట్ వ్యాన్ ఇచ్చింది.

పెట్టె కట్టేముందు ఇంటికి పోయి సామాను చూసి కొలుచుకోవడాన్ని సర్వే అంటాం. సుజాత పడసాల నిండా సామాను పరిచి పెట్టింది. నేను ఒక్కొక్కటీ చూస్తూ పోయాను.

"మేస్త్రీ, ఈ మంచం పట్టుతాదా?"

"పట్టేదానికేమమ్మా, పట్టుతాది. అయితే ఈ బొక్కలు చూడు. పురుగుండాది. ఓడ దిగే రేవులో దించనీరు."

"మా పుట్టింటోళ్ళిచ్చింది మేస్త్రీ."

"పురుగును గూడా వాళ్ళే ఇచ్చినట్టుండారు."

నారాయణప్ప భార్య లక్ష్మీదేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా చెల్లెలి పుట్టింటిని అంటే సామాను మాదిరి నిన్నూ పెట్టెలో ఏసి మేకు కొడతాది, జాగర్త" అంది.

చెక్క విషయంలో విదేశాలవాళ్ళు గట్టిగా ఉంటారు. నా పెట్టె పలకలనే వేడిచేసి, పురుగు లేదని ముద్ర వేయించాలి. దాన్ని హీట్ ట్రీట్‌మెంట్ అంటారు. అలాంటప్పుడు పుచ్చిన మంచాన్ని ఎవరు రానిస్తారు? ఇది చెబుతుండగానే నారాయణప్ప తోట నుంచి వచ్చాడు. చేతిలో తడిగుడ్డ చుట్టిన మల్బరీ కట్టెలు.

"ఇవి ఏసేయప్పా. మా తమ్ముడు అక్కడ నాటుకుంటాడు. మన తోటవి."

"కుదరదు నారాయణప్పా. పచ్చికట్టె దొరికితే పెట్టంతా ఆపేస్తారు."

ఆయన ముఖం చిన్నబోయింది. కట్టెలను గోడకు ఆనించి పెట్టాడు, పారేయలేదు. తమ్ముడంటే ఆయనకు ప్రాణమని నాకు అప్పుడే అర్థమయింది. తర్వాత జరిగినదానికి అదే కారణమనీ ఇప్పుడనిపిస్తుంది. పరాయివాడి మీద అంత కోపం రాదు.

మధ్యాహ్నం మంజునాథ ఫోన్ చేశాడు. సుజాత తీసింది. లైను సరిగ్గా లేదు.

"ఆ... వినపడలేదు... ఏమి? వెనకాల ఉండే రాగిదా? సరే, సరే... అలో? అలో?"

లైను తెగింది. ఆమె మా వైపు తిరిగింది. "ఇంకేం పంపినా పంపకపోయినా, వెనకాల ఉండే రాగిది మాత్రం తప్పకుండా ఏపియ్యమన్నాడు."

నారాయణప్ప చప్పున వెనకవైపు చూశాడు. నాకు మొదట అర్థం కాలేదు. వెనకవసారాలో స్నానాల పొయ్యి ఉంది. అందులో వాళ్ళ నాయన నాటి పెద్ద రాగి హండా. నీళ్ళు కాచుకునే పాత్ర. మా వైపు హండాను పొయ్యి మీద పెట్టరు, పొయ్యిలోనే కూర్చోబెట్టి చుట్టూ మట్టితో కట్టేస్తారు. ఇంటిల్లిపాదీ దాని నీళ్ళే పోసుకుంటారు. అన్నదమ్ములు వేరుపడితే తప్ప దాన్ని ఎవరూ కదిలించరు. పొయ్యి పగలగొట్టి హండా బయటికి తెచ్చారంటే, ఇల్లు పంచుకున్నారని ఊరంతా అనుకుంటుంది.

"హండానా?" అన్నాడు నారాయణప్ప.

"అట్లే అన్నాడు బావా. నాకూ అర్థం కాలేదు."

"నాకర్థమైంది. భాగం కావాలంటే ఊరికొచ్చి, పెద్దమనుషుల్లో కూచ్చోని, నోరు తెరిచి అడగాల. ఫోన్లో పెండ్లాంతో చెప్పించేదా?"

"ఏం మాటలవి?" అంది లక్ష్మీదేవమ్మ. "ఒక పాత్ర అడిగితే భాగమంటావా?"

"ఈ పొద్దు హండా. రేపు తోట."

సుజాత లేచి నిలబడింది. "నాకు హండా వద్దు బావా. ఆయన అడిగితే అడగనీ, నేను తీసకపోను."

"తీసకపో. అడిగినాక దాన్ని ఈ ఇంట్లో పెట్టుకోని నేను నీళ్ళు పోసుకోను."

గడ్డపార తీసుకుని వెనక్కి పోయాడు. పొయ్యి విరుగుతున్న చప్పుడు పడసాలదాకా వినిపించింది. పిల్లలు తల్లి కొంగు పట్టుకున్నారు. కాసేపటికి హండాను దొర్లించుకుంటూ వచ్చి నా ముందు నిలబెట్టాడు. బయటంతా మసి, లోపల ఎర్రగా మెరుస్తోంది. గడ్డపార తగిలి అంచు ఒకచోట సొట్టపోయింది. అది వచ్చిన దారి పొడుగునా పడసాల నేల మీద నల్లగా చార.

"కట్టు మేస్త్రీ" అన్నాడు.

ఇళ్ళలో గొడవలు పడితే మేం నోరు మూసుకుని తాళ్ళు బిగించుకుంటాం. అది మా పద్ధతి. కానీ పెట్టెలోకి ఏది ఎక్కుతుందో అది నా పని. హండా కడుపు పెద్దది, చాలా చోటు తింటుంది. లోపల బట్టలు, గిన్నెలు కూరితే చోటు కలిసొస్తుంది. దాన్ని మేం నెస్టింగ్ అంటాం. కూరవచ్చు. అయినా కొలుస్తుంటే నాకు ఒకటి తోచింది.

"అమ్మా, అక్కడ మీకిచ్చిన ఇంట్లో కట్టెల పొయ్యి ఉండాదా?"

"లేదు మేస్త్రీ. మూడో అంతస్తంట. గోడకు గీజరుందంట."

"మరి దీంట్లో ఏం కాస్తాడు?"

అంతవరకూ ఆ మాట ఎవరూ అడగనేలేదు.

"ఫోన్ చెయ్యి" అన్నాను.

"వానితో నాకు మాటల్లేవు" అన్నాడు నారాయణప్ప.

"మాటలు నీకు కాదప్పా, నాకు. నువ్వు ఊరికే నిలబడు."

సుజాత నంబరు కలిపి స్పీకర్ పెట్టి నాకిచ్చింది.

"మంజునాథప్పా, చింతామణి మేస్త్రీని మాట్లాడతాండా. ఈ రాగిదాంతో అక్కడ ఏం చేస్తావు?"

"ఏం చేస్తారు మేస్త్రీ? ఇసురుకుంటాం."

"హండాతో ఇసురుకుంటావా?"

"హండా ఏంది? హండా ఎవరడిగినారు? రాయి మేస్త్రీ, ఇసుర్రాయి! మా అమ్మ రెండు పెట్టుకోనుండ్లా, రాగిదీ బేడలదీ అని? రాగిది అడిగితి."

వాళ్ళమ్మకు రెండు తిరగలి రాళ్ళుండేవట. బేడలంటే పప్పు. దాని వాసన రాగిపిండికి అంటకూడదని వేరువేరుగా పెట్టుకునేది. ఊళ్ళోకి మిల్లు వచ్చాక రెండూ వెనకాల బట్టలుతికే బండ దగ్గర పడి ఉన్నాయి. సుజాత కాపురానికి వచ్చేసరికే వాటి పని అయిపోయింది, ఆ పేర్లు ఆమె వినలేదు. నారాయణప్ప విన్నాడు. ఆ పూట గుర్తురాలేదు.

కన్నడం మాట్లాడుకునే ఇల్లయితే ఈ గొడవ పుట్టేది కాదు. వాళ్ళు లోహాన్ని తామ్ర అంటారు, గింజను రాగి అంటారు. కోస్తా తెలుగువాళ్ళయినా గింజను రాగులంటారు. రెంటినీ రాగి అనేసేది మధ్యలో ఉన్న మేమే.

ఫోన్లో మంజునాథ ఇంకా చెబుతూనే ఉన్నాడు. "ఇక్కడా రాగులు దొరుకుతాయి మేస్త్రీ, అచ్చం మన రాగులే. అయితే మిల్లులో కర్రపెండలం కలిపి ఆడిస్తారు. ముద్ద చేస్తే బంక మాదిరి సాగుతాది. ఏడాదాయె సరైన ముద్ద తిని. మా అన్న ఉండాడా ఆడ? అన్నా? అన్న ఎందుకు మాట్లాడడు?"

నారాయణప్ప పోయి గుమ్మంలో కూర్చున్నాడు. సుజాత నా చేతిలోంచి ఫోను తీసుకుంది. "బావ తోటలో ఉండాడు. తర్వాత మాట్లాడతాడులే" అని పెట్టేసింది.

లక్ష్మీదేవమ్మ మొగుడి వైపు చూసి, "ముద్ద అడిగినోనికి ఇల్లు పంచిస్తివే!" అంది. నాతో వచ్చిన పనివాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. సుజాత నవ్వలేదు.

నారాయణప్ప గుమ్మంలోంచి లేచి వచ్చి హండా పక్కన నిలబడ్డాడు. తర్వాత, "రాయి ఏసేయ్ మేస్త్రీ. హండా గూడా ఏసేయ్. వాడు అడగలా, నేనే ఇస్తాండా" అన్నాడు.

"వద్దు బావా" అంది సుజాత. గొంతు పెంచలేదు. "హండా గడప దాటిందంటే ఊరు ఏమనుకుంటాదో మీకు తెలుసు. అక్కడ ఆయన పని ఎన్నాళ్ళుంటాదో నాకు తెలీదు. అది పోతే పిల్లల్ని పిలుచుకోని నేను ఈ ఇంటికే రావాల. నాకు ఇంకో ఇల్లు లేదు. ఆయన హండా అడగలేదు, సరే. అయినా భాగమనే మాట మీ నోట్లోంచి వచ్చింది, తోట మాట గూడా వచ్చింది. ఆ మాటలు ఈ పొద్దు పుట్టినవి కావు." ఆమె నా వైపు తిరిగింది. "పొయ్యి కట్టి హండా కూచ్చోబెట్టేదాకా నా పెట్టె మూయొద్దు మేస్త్రీ."

"రేపే లారీ వస్తాదమ్మా."

"లారీ కాచుకోనీ."

మరుసటి రోజు ఒకవైపు మేం పెట్టె నింపాం, ఇంకొకవైపు ఆయన మట్టి తొక్కాడు. పొయ్యిలు కట్టే మేస్త్రీని పిలుస్తామంటే ఒప్పుకోలేదు. పెట్టె అడుగున రాయి పెట్టి, నాలుగు వైపులా చెక్క బద్దలు కొట్టాం. ఓడ ఊగినప్పుడు రాయి కదిలిందంటే మిగతా సామానును అదే నలగ్గొడుతుంది. పైన కుక్కరు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు, బట్టలు. మంచం ఉండిపోయింది. సుజాత మధ్యమధ్యలో వచ్చి మట్టిలోకి నీళ్ళు పోసింది. "ఇంకొంచెం" అనేవాడు ఆయన. పోసేది.

లారీ డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. లక్ష్మీదేవమ్మ బయటికి పోయి వాడికి అన్నం పెట్టి నోరు మూయించింది.

సాయంకాలానికి పొయ్యి నిలబడింది. హండాను కూర్చోబెట్టేటప్పుడు నారాయణప్ప దాన్ని తిప్పి, సొట్టపోయిన అంచును గోడ వైపుకు పెట్టాడు.

"ఇటుపక్కకే ఉండనీ బావా" అంది సుజాత. "కనపడాల."

ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. మళ్ళీ తిప్పి, సొట్టను ముందుకు పెట్టి, చుట్టూ మట్టి మెత్తాడు. పొయ్యి ఆరడానికి కింద సన్నగా మంట వేశారు. సుజాత వసారాలోంచి వచ్చి, "ఇంక మేకు కొట్టు మేస్త్రీ" అంది.

పెట్టె చేరిందనీ, రాయి విరగలేదనీ బెంగళూరు కంపెనీవాళ్ళు చెప్పారు. అన్నదమ్ములు తర్వాత ఎలా ఉన్నారో నాకు తెలియదు. నేనూ అడగలేదు.

అంతకుముందు సర్వేకు పోతే, "ఏమేమి తీసుకుపోతారు" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆ ఇంటి తర్వాత ఆ ప్రశ్న వెనక్కి నెట్టాను. ఇక్కడే ఉండిపోయేవి ఏవి, ఎవరి దగ్గర ఉంటాయి, అది వాళ్ళకు చెప్పారా అని ముందు అడిగేవాణ్ణి. అవన్నీ వాటి చోట్లలో కూర్చున్నాకే కొలిచే టేపు తీసేవాణ్ణి. "నీకెందుకప్పా అవన్నీ" అని కసిరినవాళ్ళున్నారు. కసరనీ. పెట్టెలో పోయేది విరిగితే దానికి నేను జవాబుదారుణ్ణి, ఇన్సూరెన్స్ కూడా ఉంటుంది. వెనక మిగిలేదాన్ని ఎవరూ ప్యాక్ చేయరు. అది విరిగిందని తెలిసేసరికి మనిషి సముద్రం అవతల ఉంటాడు.