మేడం వేలి గురించి నేను రాసిన మాట

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు ఫోను పట్టుకుని నా పక్కన చేరింది. వాళ్ళ కాలేజీ ఆడపిల్లల వాలీబాల్ జట్టుకు ఇద్దరు కోచ్‌లట, వాళ్ళెవరు, ఎక్కడ ఆడారు, ఏమేం గెలిచారు అన్నదంతా కాలేజీ వెబ్‌సైటులో పెట్టే పని దీని మీద పడిందట. ఒకాయన పేజీలకు పేజీలు పంపితే, రెండో ఆమె పేరు, చదువు మాత్రం రాసి ఊరుకుంది. "జర నువ్వే ఏదన్న కలిపి నిండుగ రాయి పెద్దమ్మా, నీకైతే మంచిగ రాసుడొస్తది" అంది. ఈనెలు తీస్తున్న చిక్కుడుకాయ నా చేతిలోనే ఉండిపోయింది. నలభై ఏళ్ళ కింద నేనూ సరిగ్గా ఈ పనే చేశాను. నిండుగానే రాశాను.

మీలో ఎనభైల్లో అటు తిరిగినవాళ్ళుంటే గుర్తుండే ఉంటుంది, దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్బీనగర్ వైపు వస్తుంటే రోడ్డుకు రెండు పక్కలా నిన్నటి జొన్నచేలన్నీ తెల్లసున్నం పూసిన హద్దురాళ్ళయి కూర్చునేవి. కిరాయి బంగళాలో నడిచే మా కాలేజీ వెనక ఒక బీడులో నెట్ కట్టుకుని ఆడేవాళ్ళం, సోమవారం వెళ్ళి చూస్తే ఆ రాళ్ళు ఇంకో వరస మా వైపు జరిగి ఉండేవి. కొత్త కాలనీల్లో ఇళ్ళకు నంబర్లు లేవు, వీధులకు పేర్లు లేవు, తెలిసినవాళ్ళు చేయి చాపి చూపిస్తే తప్ప ఎవరిల్లూ ఎవరికీ దొరికేది కాదు. ఈ సంగతి మళ్ళీ చెప్పవలసి వస్తుంది.

మాకూ ఇద్దరు కోచ్‌లు. సారుది కర్మన్‌ఘాట్ వైపు వ్యవసాయ కుటుంబం, సగం పొలం ప్లాట్లకు పోయినా ఆట మీద పిచ్చితో రోజూ స్కూటరేసుకుని వచ్చేవాడు, నోరు మూస్తే ఒట్టు. మేడం కోస్తా మనిషి. రెండేళ్ళ ముందు సారే ఎక్కడినుంచో తీసుకొచ్చి కాలేజీలో పెట్టించాడు, మన్సూరాబాద్ దగ్గర ఒక మేడగదిలో ఒక్కతే ఉండేది. ఎడమచేత్తో సర్వీస్ చేసేది, కుడిచేతి చిటికెనవేలు పక్కకు వంగిపోయి ఉండేది. గ్రూప్ ఫోటో అనగానే వంగి బూటు లేసు కట్టుకునేది, విజిల్ వేసే ముందు ప్రతిసారీ ఒకసారి రోడ్డు వైపు చూసేది. అది చూసి మేమంతా ఆమెలా మెడ తిప్పి చూపిస్తూ నవ్వుకునేవాళ్ళం. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ ఏడాది కాలేజీ మ్యాగజైన్‌లో కోచ్‌లిద్దరి గురించీ రాయమని తెలుగు లెక్చరర్ నాకు అప్పజెప్పింది. సారును అడిగితే "నాది నిండుగ రాయ్ బిడ్డా, పేజీ అంత నాదే ఉండాలె, మేడంది పేరు రాస్తే సాలు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మగవాడి అసూయ కాకపోతే ఏమిటిది అనుకున్నాను. మేడంను అడిగితే "నా గురించి ఏముందమ్మా రాయడానికి, సారు గారి గురించి రాయండి" అంది. అది అణకువ అనుకున్నాను. పట్టుదల కొద్దీ ఆమెకే పేజీ అంతా ఇచ్చాను. ఎప్పుడో బస్సులో మాటల మధ్య జారిన గోదావరి ఒడ్డు ఊరి పేరు రాశాను, ఎడమచేతి సర్వీస్ గురించి రాశాను, ఆ వంకర వేలు ఫైనల్ మ్యాచ్‌లో విరిగిందనీ, గుడ్డ చుట్టుకుని చివరిదాకా ఆడిందనీ రాశాను. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. బాగుంటుందని కల్పించాను, బాగుందని మా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను కూడా.

మ్యాగజైన్ చేతికి రాగానే సారు ఆ పేజీ తిప్పి, "ఎన్ని అచ్చయినయ్?" అని మాత్రం అడిగాడు. వెనక అట్ట మీద ప్రకటన ఇచ్చిన ప్లాట్ల ఆయన అప్పటికే కట్టలు కట్టి కోస్తా జిల్లాలకు తీసుకుపోయాడు, మా ఏరియాలో ఆడపిల్లల కాలేజీ కూడా ఉందని కొనేవాళ్ళకు చూపించడానికి. ఆ రోజునుంచి సారు మేడంను స్కూటరు మీద ఇంటిదాకా దింపి రావడం మొదలుపెట్టాడు, దాని మీదా మేము మాకు తోచిన కథలు అల్లుకున్నాం. మేడం మాత్రం నన్ను పక్కకు పిలిచి, వేలి సంగతి ఎవరు చెప్పారని మెల్లగా అడిగింది. నేనే రాశానని గొప్పగా చెప్పాను. ఆ వేలిని రెండో చేత్తో మూసుకుని, "అలా విరిగుంటే ఎంత బాగుండేదమ్మా" అంది. నాకు అర్థం కాలేదు.

నెల తిరక్కముందే మేడంకు జ్వరమొచ్చి రెండు రోజులు రాలేదు. రెండో రోజు నేను అందరికంటే ముందు వెళ్ళి నెట్ కడుతుంటే, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన హద్దురాళ్ళ మధ్యనుంచి నడిచి వచ్చాడు. చేతిలో మా మ్యాగజైన్, సరిగ్గా ఆ పేజీలో వేలు పెట్టి మూసి ఉంది. "ఇది రాసిందెవరమ్మా? కళ్ళకు కట్టినట్టుంది" అన్నాడు ఎంతో మర్యాదగా. నేనే అన్నాను. మేడంకు బంధువుననీ, ఆమె ఇల్లు తెలియక పొద్దుటినుంచి తిరుగుతున్నాననీ చెప్పాడు. ఆ పొగడ్తకు ఉబ్బిపోయి నేను చేయి చాపి, నీళ్ళ ట్యాంకు, సగం కట్టిన ఇల్లు, దాని పక్క మేడమెట్లు, అన్నీ వివరంగా చెప్పాను.

కాసేపటికి సారు వస్తే, మేడం చుట్టాలొచ్చారని సంబరంగా చెప్పాను. ఆయన స్కూటరు దిగనేలేదు, అటునుంచి అటే తిప్పుకుని పోయాడు.

పొద్దు వాలాక ఒక్కడే తిరిగొచ్చాడు. మేడం అద్దెకున్న ఇంటావిడ చెప్పిందట, వచ్చినాయన మేడం మణికట్టు పట్టుకుని నడిపిస్తుంటే ఆమె తల వంచుకుని ఆటో ఎక్కిందని, పొయ్యి మీద గంజి అలాగే ఉందని. వచ్చినవాడు ఆమె మొగుడు. ఆ వేలు వాడు తలుపు సందులో పెట్టి విరగ్గొట్టినది. ఇంటిపేరు మార్చి రెండేళ్ళుగా ఆమెను దాచింది సారే, మార్చలేనిది ఆ వేలొక్కటే. "పేజీ అంత నాదే రాయమన్నది గందుకే బిడ్డా, ఆమెకు జాగ మిగలొద్దని" అన్నాడు. పోలీసులు, కట్టుకున్నవాడే కదా తీసుకుపోయింది అని పంపేశారట. సారు ఆ గోదావరి ఒడ్డు ఊరికి రెండుసార్లు వెళ్ళాడు. ఇంటికి తాళం, ఇరుగుపొరుగు నోరు విప్పలేదు. మేడం ఏమైందో ఇవాళ్టి వరకూ నాకు తెలియదు.

ఇప్పుడు ఆ బీడులో అపార్టుమెంట్లున్నాయి. ప్రతి ఇంటికీ నంబరుంది, దారి చెప్పడానికి ఎవరూ చేయి చాపనక్కర్లేదు, ఎంత కొత్తవాడినైనా ఫోనే గుమ్మందాకా తీసుకుపోతుంది. ఇదంతా సౌకర్యం అంటారు, నాకు మాత్రం భయమేస్తుంది.

ఆ రెండో ఆమె గురించి ఒక్క అక్షరం కలపొద్దని మా పిల్లకు చెప్పాను. "గింత చిన్నగ పెడితే ఆమె ఏం ఆడలేదనుకుంటరు పెద్దమ్మా" అని మూతి ముడుచుకుంది. అనుకోనీయమన్నాను. ఫోనులో ఆ పేరు కింద తెల్లటి జాగా అలాగే మిగిలింది. మేడం నన్ను అడిగింది ఆ కాస్త ఖాళీ జాగానే.