ఆది చొక్కా

“ఆది ఎందుకు తెచ్చావు తమ్ముడూ? ఈ కొట్లో ఆది తీసుకోనని నీకు తెలీదా?”

నేనిచ్చిన సంచిలోంచి టేపక్క కొత్త బట్టా, దానితోపాటు పాత చొక్కా ఒకటీ పైకి తీసింది. కొత్త బట్ట కుట్టేందుకు కొలతగా ఇచ్చే పాత బట్టే ఆది. ఆమెకు అది పనికిరాదు. ఎవరొచ్చినా మెడలోని టేపు తీసి స్వయంగా కొలవాల్సిందే. ఆ పేరు అలా వచ్చింది.

“ఎవరిది?”

“మా వీధి దర్జీ తాతది.”

పక్కన ఇస్త్రీ చేస్తున్న ఆమె భర్త చెయ్యి ఆగింది. “ఆ ముసలాయనా! ఏ మొహం పెట్టుకుని పంపాడు? తిరిగిచ్చెయ్. మన కొట్టు, మన ఇష్టం.”

టేపక్క చేతుల మీదా, పెదవుల చుట్టూ బొల్లి మచ్చలు. చిన్నప్పటినుంచీ ఉన్నవే.

“బడిలో వేసేటప్పుడు యూనిఫాం కోసం మా అమ్మ నన్ను ఆయన దగ్గరికే తీసుకెళ్లింది. నన్ను చూసి చేతిలో టేపు చుట్టి సొరుగులో పెట్టేశాడు. పొమ్మనలేదు, మర్యాదస్తుడు. ‘ఆది తెచ్చుకోండమ్మా’ అన్నాడు. మొట్టమొదటి యూనిఫాంకి ఆది ఎక్కణ్ణుంచి వస్తుంది? అమ్మ పక్కింటి పిల్ల యూనిఫాం అడిగి తెచ్చింది. అది నాకు రెండింతలుండేది. ఏడాదంతా దాని కొలతల్లోనే తిరిగాను. ‘పోన్లే, చేతులు కనబడవు’ అంది మా మేనత్త. ఆ కుట్లు విప్పి, మళ్లీ వేసి, మళ్లీ విప్పి... అలా అబ్బింది నాకీ పని.”

“అందుకే పొమ్మనమంటున్నా” అన్నాడు భర్త.

“నేనెవర్నీ పొమ్మనలేదా? తాగొచ్చి నోరు పారేసుకున్నవాణ్ణి కత్తెర చూపించి తరిమాను.”

“కత్తెరకి కాదు, అందరు దర్జీల్లా నువ్వూ ‘రేపు రా’ అంటావని పారిపోయాడు.”

“ఎందుకైతేనేం. వాడు చేసిన పనికి తరిమాను. ఒళ్లు చూసి పొమ్మంటే మనిషేం చేస్తాడండీ? ఒళ్లు మార్చుకొస్తాడా?”

“ఈయన చేసిందీ పనేగా మరి?”

టేపక్క చొక్కాను బల్లమీద పరిచి సవరిస్తూ ఎడమ భుజం దగ్గర ఆగిపోయింది. అక్కడ కుట్టు రెండో వైపు కన్నా బాగా కిందికి దిగి ఉంది.

“మిషన్ మీద వంగి వంగి భుజం జారిందక్కా” అన్నాను. “రెడీమేడ్ చొక్కా నిలవదు. కుట్టుకుందామంటే చూపు ఆనదు. ఆ భుజం చూసి వేరే కొట్లవాళ్లు మావల్ల కాదన్నారట. నిన్న నీ కొట్టు ముందు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాడు.”

ఆమె భర్త ఇస్త్రీ పెట్టె నిలబెట్టి కూర్చున్నాడు.

టేపక్క పాత చొక్కాను మడిచి నా సంచిలో పెట్టింది. కొత్త బట్టను మాత్రం బల్లమీదే ఉంచింది.

“ఇదెప్పటిదో, ఇప్పుడా భుజం ఇంకా జారుంటుంది. ఆయన్నే రమ్మను. కొలిచేది ఈ చేతులే, సమ్మతమైతేనే రమ్మని చెప్పు. వస్తానంటే నువ్వే పట్టుకుని తీసుకురా. చూపు ఆనదంటున్నావు, మా గుమ్మం మెట్టు ఎత్తు.”